ప్యాటర్న్‌లు కొనేముందు ఒక్క మాట

అందరికీ నమస్తే. తక్కువ ధరకి కుట్టు ప్యాటర్న్‌లు (అంటే బట్ట కత్తిరించుకోడానికి వాడే నమూనాలు) ఎక్కడ దొరుకుతాయని మొన్న ఇద్దరు ముగ్గురు అడిగారు కదా.

ముందు ఫ్రీసూయింగ్ సైట్ చూడండి. మన కొలతలు ఇస్తే వాటికి తగ్గ ప్యాటర్న్ గీసిస్తుంది, డబ్బులు అక్కర్లేదు. కొనాల్సి వస్తే కాగితం ప్యాటర్న్ కంటే పీడీఎఫ్ చవక, పోస్టేజీ కూడా ఉండదు. కాకపోతే ఏ4 కాగితాలు బోలెడు అతికించుకోవాలి, అదో పెద్ద పని!

ప్రింట్ తీసేటప్పుడు మాత్రం జాగ్రత్త. సెట్టింగుల్లో 'ఫిట్ టు పేజ్' తీసేసి 100% పెట్టండి. నేనోసారి అది చూసుకోలేదు. ప్రింట్ సరైన సైజులో వచ్చిందో లేదో కొలిచి చూసుకోడానికి ప్యాటర్న్‌లో ఒక టెస్ట్ గడి ఉంటుంది. 10 సెం.మీ. ఉండాల్సిన ఆ గడి 9.6 వచ్చింది. ఆ మాత్రం తేడాకేముందిలే అని కత్తిరించేశాను. 100 సెం.మీ. రావాల్సిన ఛాతీ చుట్టుకొలత 96కి దిగింది, జాకెట్ చేతులు దూరితే ఒట్టు! అందుకే ముందు ఆ గడి ఉన్న పేజీ ఒక్కటే ప్రింట్ తీసి, స్కేలు పెట్టి కొలవండి.

పాత కాగితం ప్యాటర్న్ అయితే ముక్కలన్నీ ఉన్నాయా, ఏ సైజుకి కత్తిరించారు అని అమ్మేవాళ్లని అడగండి. సైజు నంబరుని నమ్మొద్దు, కొలతల పట్టిక చూడండి. కుట్టు మార్జిన్ (కుట్టు కోసం అంచున వదిలే బట్ట) కలిపి ఉందో లేదో కూడా చూడండి.

మీరు కొన్నవాటిలో బాగున్నవి ఉంటే ఇక్కడ పెట్టండి. ఫైలు మాత్రం వద్దు, లింకు చాలు.