ఆ పటం కింద పేరు తెలుగులోనే ఉంది

సంపాదకుల వారికి,

అయ్యా,

పోయిన ఆదివారం కాదు, అంతకుముందు ఆదివారం మీ చెన్నై పేజీలో వచ్చిన పాత సామాన్ల వేలం వార్త గురించి ఈ ఉత్తరం. ఆ రోజే రాయబోతే, "ఎందుకు నాన్నా బీపీ పెంచుకోవడం" అని మా అమ్మాయి కాగితాలు దాచేసింది. ఇన్ని రోజులైనా కోపం తగ్గలేదు కాబట్టి రాస్తున్నాను.

పందిరి మంచం ఎంతకు పోయిందీ, బర్మా టేకు బీరువా కోసం సముద్రం పక్క ఈసీఆర్ రోడ్డు రిసార్టుల వాళ్లు ఎలా పోటీ పడిందీ అన్నీ రాశారు. సంతోషం. ఒక ఫొటో వేసి కింద "గుర్తుతెలియని జమీందారు తైలవర్ణ చిత్రం" అన్నారు. అయ్యా, మీ ఫొటోలోనే ఫ్రేము కింద ఇత్తడి రేకు ఉంది. దాని మీద ఆయన పేరు, ఊరు, "ఈ గ్రంథాలయ దాత", 1931 అని గుండ్రటి తెలుగు అక్షరాల్లో చెక్కి ఉంది. శుక్లాల ఆపరేషన్ అయిన నా కంటికే కనిపించింది. వేలం వాళ్ల ఇంగ్లిషు కేటలాగులో "ఎవరో దక్షిణాది పెద్దమనిషి" అని వేశారు. పోనీ, వాళ్లకు తెలుగు రాదు. తెలుగు పత్రికకు ఏమొచ్చింది?

ఆయన జమీందారూ కాదు. నెల్లూరు నుంచి వచ్చి జార్జిటౌనులో బట్టల వ్యాపారం చేసిన మనిషి. తలపాగా, భుజాన జరీ కండువా కనిపిస్తే చాలు జమీందారు అనేయడమేనా? పేరు ఇక్కడ రాయడం లేదు. మునిమనవలు ఈ ఊళ్లోనే ఉన్నారు, ఈ సంగతి వాళ్లకు ముందు నేను వెళ్లి చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియక ఆగాను.

1966లో ఎస్సెస్సెల్సీ పరీక్షలకు ఆ గ్రంథాలయంలో, ఆ పటం కింది బల్ల మీదే చదువుకున్నాను. మా ఇంట్లో కరెంటు లేదు. చదువుతున్న పుస్తకంలో వేలు పెట్టుకుని, ఎవరో పిలిస్తే తలెత్తినట్టు ఉంటాడాయన. అది ఏ పుస్తకమో అని మా కుర్రాళ్లలో పందేలు. నేను భారతం అనేవాడిని, మా స్నేహితుడు పద్దుల పుస్తకం అనేవాడు.

ఇప్పుడా గ్రంథాలయం కమిటీ స్థలం చాలక "పనికిరాని కొయ్య సామాను" తీసేయాలని తీర్మానం చేసిందట. నోటీసు ఇంగ్లిషులో, అదీ మెట్ల కింద అతికించారు. పనికిరాని సామాన్లో దాత కూడా ఉన్నాడని ఎవరికి తెలుస్తుంది?

నాకు వేలానికి ముందు శుక్రవారం తెలిసింది. శనివారం సామాను చూడనిస్తారని వెళ్లాను. ఎవరింటిదో ఉయ్యాల బల్ల, మంచి నల్లచేవ, అంచున లతలు చెక్కారు. అది 31వ లాటు. దాని ఇత్తడి గొలుసులు 58వ లాటు! ఇదేమిటయ్యా అంటే, "గొలుసులకు ఇత్తడి రేటు విడిగా వస్తుంది సార్" అన్నాడు అక్కడి కుర్రాడు. బల్ల ఒకరికి, గొలుసులు ఇంకొకరికి పోయాయి. ఊగేదెవరో!

మర్నాడు వేలం. పటం కోసం నేనూ అయిదు వేల దాకా పాడాను. పెన్షన్‌దారు గొంతు అంతకు మించి లేవలేదు. ఒకటోసారి, రెండోసారి, ఆరువేల అయిదు వందలకు సుత్తి పడింది. పైన కమీషనూ జీఎస్టీ. పాడుకున్నాయన బొమ్మ వైపు చూడలేదు. పటం తిరగేసి, ఫ్రేమును గోటితో కొట్టి చూసి, పక్కవాడితో "రోజ్‌వుడ్డే. అద్దం బిగిస్తే వాష్‌బేసిన్ మీదికి సరిపోతుంది" అన్నాడు.

ఒక ఆఫీసుకు కూడా వెళ్లాను. మూడు బల్లలు తిరిగాక నాలుగో బల్ల ఆయన చట్టం చెప్పాడు. పురావస్తువుల చట్టం 1972లో చేశారు, 1976లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం వస్తువుకు నూరేళ్లు నిండాలి, రాతప్రతులైతే డెబ్బై అయిదు. ప్రైవేటు వాళ్లు దేశం దాటించడం నేరం గానీ లోపల అమ్ముకోవచ్చు. అంటే మా దాత 2031లో పురావస్తువు అవుతాడు. అప్పటికి ఆయన చోట ఎవరి మొహమో అద్దంలో కనిపిస్తూ ఉంటుంది.

చండీగఢ్‌లో జరిగిందీ ఇదే. పియెర్ జన్నరే అనే స్విస్ వాస్తుశిల్పి ఆ ఊరి ఆఫీసుల కోసం గీసి చేయించిన టేకు కుర్చీలను తుక్కు కింద అమ్మేశారు. అవే విదేశీ వేలాల్లో లక్షలు పలుకుతుంటే మేలుకుని, 2011లో కేంద్ర హోంశాఖ అమ్మకాలు ఆపమంది. అరియలూరు జిల్లా శ్రీపురందాన్ గుడి నటరాజు దొంగల చేతుల్లో పడి ఆస్ట్రేలియా చేరి, 2014లో తిరిగొస్తే మనమంతా చప్పట్లు కొట్టాం. కొట్టాల్సిందే. మరి దొంగలెవరూ రాకుండానే, తీర్మానం రాసి, రసీదు ఇచ్చి మరీ బయటికి పంపినవాటి మాటేమిటి? వేలానికి ముందు ఒక్కొక్కటీ ఫొటో తీసి, రేకు మీది పేరు రాసుకుని, వారసులకో ఎగ్మూరు మ్యూజియానికో కబురు చేస్తే ఎవరి సొమ్ము పోతుంది?

ఈ ఊళ్లో తెలుగువాళ్ల పేర్లు వీధులకే మిగిలాయి. రోజూ టి.నగర్‌లో బట్టలు కొనేవాళ్లను ఆ "టి" ఎవరని అడగండి. పిట్టి త్యాగరాయ చెట్టి అని పదిమందిలో ఒకరు చెబితే నాకు రాసి పంపండి. మా కమిటీ వాళ్లను మాత్రం అడగకండి.

వేలం అయ్యాక కూలీ ఒకడు రేకు గీసుకుంటుందని స్క్రూలు విప్పి పక్కన పడేశాడు. వంద రూపాయలిచ్చి తెచ్చుకున్నాను. చింతపండు పెట్టి తోమితే అక్షరాలు మెరుస్తున్నాయి. నాలుగు స్క్రూలూ పొట్లం కట్టి ఉంచాను. ఆ మునిమనవలు సరేనంటే, మీరు సవరణ వేస్తామంటే, పేరు అక్షరం పొల్లుపోకుండా రాసి పంపుతాను.

— మీ పాత చందాదారు,
పెరంబూరు, చెన్నై