మాక్రో లెన్సు కొనే కుర్రాళ్ల కోసం

ఎడిటర్ గారికి నమస్కారం. మా పలాస వైపు జీడితోటల్లో తిరిగి పురుగులు, సాలీళ్లు ఫొటోలు తీసే కుర్రాళ్లు బాగా పెరిగారు, చాలా సంతోషం, కానీ జూమ్ లెన్సు మీద మాక్రో అని రాసుంటే చాలు కొనేస్తన్నారు. వాటిల్లో చాలావరకు 1:4, అంటే అసలు సైజులో నాలుగో వంతు, మహా అయితే 1:2, అంటే సగం దాకానే వెళ్తాయండి. అసలు మాక్రో అంటే 1:1, అంటే సెంటీమీటరు పురుగు కెమెరా లోపల బొమ్మ పడే సెన్సర్ మీద కూడా సెంటీమీటరే పడాలి. 60 ఎంఎం (లెన్సు ఫోకల్ లెంగ్త్) మాక్రో చవగ్గానే వస్తది గాని అంత పెద్దగా తీయాలంటే లెన్సు మూతి పురుగుకి ఐదు నుంచి పది సెంటీమీటర్ల దగ్గరకి పెట్టాలి, నీడ పడిపోద్ది, తూనీగైతే ఎగిరే పోద్ది. అదే 100 ఎంఎం అయితే దాదాపు 14 సెంటీమీటర్ల దూరం దొరుకుద్ది, నన్నడిగితే ముందు కొనాల్సింది అదే. 180 ఎంఎం మరీ బరువు. డబ్బుల్లేనోళ్లు ఇంట్లో ఉన్న 50 ఎంఎంకి 50 ఎంఎం పొడవు ఎక్స్‌టెన్షన్ ట్యూబులు, అంటే కెమెరాకి లెన్సుకి మధ్య పెట్టే ఖాళీ గొట్టాలు, తగిలించినా 1:1 వచ్చేస్తది, వాటిల్లో గాజు ఉండదు, వెలుగు మాత్రం బాగా తగ్గుద్ది. మీ జిల్లా పేజీలో వారానికో మాక్రో ఫొటో వేసి, కింద ఏ లెన్సుతో తీశారో కూడా రాయండి సార్, పిల్లలు చూసి నేర్చుకుంటారు.

— ఒక పాఠకుడు, పలాస, శ్రీకాకుళం జిల్లా