నీళ్లు మోశాయిరా నన్ను

ఒరేయ్ బావా,

సముద్రంలో ఈత కొట్టానురా! ఫోన్‌లో ఒక్క ముక్కలో చెప్పేస్తే తనివి తీరదని కూర్చుని రాస్తున్నాను.

ఇప్పుడు టర్కీలో, మధ్యధరా ఒడ్డున ఉన్నాను. ఫెతియే అనే ఊళ్లో డొల్ముష్ ఎక్కితే అరగంటలో ఓలుదెనిజ్. డొల్ముష్ అంటే మన షేర్ ఆటో లాగా మనుషులు నిండాక కదిలే చిన్న బస్సు. ఓలుదెనిజ్ అంటే వాళ్ల భాషలో చచ్చిన సముద్రమని. నీళ్లు అంత నిశ్చలంగా ఉంటాయి మరి.

కానీ ఆ పేరు లోపలి మడుగుకే చెల్లుతుంది. మొదటి రోజు తెలియక బయటి బీచ్‌లో దిగాను. అక్కడ ఇసుక కాదు, ఎండకి కాలే గులకరాళ్లు. నాలుగడుగులు వేశానో లేదో కాళ్ల కింద రాళ్లు జారాయి, నేల అందలేదు. ముక్కులోకీ నోట్లోకీ ఉప్పునీళ్లు. పక్కనున్న ఓ పెద్దాయన రెక్క పట్టుకుని లాగాడు. ఆర్కే బీచ్‌లో మనం ప్యాంట్లు మడుచుకుని నిలబడటం, మోకాలు దాటితే చాలు ఒడ్డు మీంచి అత్తయ్య కేకలు... అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. అత్తయ్య భయం న్యాయమైనదేరా. వైజాగ్ అలలు లోపలికి లాగేస్తాయి.

మర్నాడు టికెట్ కొనుక్కుని మడుగు వైపు వెళ్లాను. సముద్రంలోకి చాచిన ఇసుక నాలుక దాన్ని మూసేసి, సన్నటి దారి మాత్రం వదిలింది. అలలు అక్కడే ఆగిపోతాయి. నడుం లోతులో నిలబడి నా కాలివేళ్లు లెక్కపెట్టుకున్నాను. వెనక్కి వాలి, చెవులు మునిగేదాకా తల వదిలేశాను. ఊపిరి పీలిస్తే ఛాతీ పైకి తేలుతోంది, వదిలితే కాస్త దిగుతోంది. నీళ్లు మోశాయిరా నన్ను! ఇక్కడి నీటిలో లీటరుకి దాదాపు 39 గ్రాముల ఉప్పు. ఎండకి ఆవిరయ్యేంత నీరు నదుల నుంచి రాదు. మన బంగాళాఖాతానికి గంగ, గోదావరి, కృష్ణ ఉన్నాయి కాబట్టి అంత ఉప్పు ఉండదు. ఆ తేడా కొంచెమే అయినా, భయపడేవాడికి ఆ కొంచెమే చాలు.

అలా పడుకుని చూస్తుంటే పైన బాబాదాగ్ కొండ. ఎత్తు 1,900 మీటర్ల పైనే. అక్కణ్ణించి పారాగ్లైడర్లు రంగు కాగితాల్లా గిరికీలు కొడుతూ దిగుతున్నారు. నాకు దాని మీద మనసు పోలేదు, నీళ్లలోంచి లేవబుద్ధి కాలేదు.

మూడో రోజు పడవలో సీతాకోకచిలుకల లోయకి వెళ్లాను. రెండు పక్కలా నిలువు కొండలు, మధ్యలో చిన్న ఒడ్డు. ఈత కళ్లద్దాలు పెట్టుకుని మొహం ముంచితే రాళ్ల మధ్య వెండి రంగు చేపపిల్లలు, నా చేతి నీడ పడగానే ఒకేసారి తిరిగిపోయాయి. ఎంతసేపు చూశానో, వీపు కమిలిపోయింది.

బావా, వచ్చే సెప్టెంబర్‌లో సెలవు పెట్టు. వేసవంతా కాగి నీళ్లు అప్పటికి గోరువెచ్చగా ఉంటాయి. రాళ్ల మీద నడవడానికి రబ్బరు చెప్పులు తెచ్చుకో. అత్తయ్యని కూడా తీసుకురా. ఆమెని నడుం లోతులో నిలబెట్టి, నేను చెయ్యి పట్టుకుంటాను.

నీ
బావ