విశ్వాసానికి పోలిక కుక్క ఒక్కటేనా?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధాల కథల్లో నమ్మినబంటు పాత్ర కనబడితే చాలు, ‘కుక్కలా విశ్వాసంగా’ అన్న మాట వెంటబడి వస్తోంది. అరిగిపోయిన ఆ ఉపమానం పాత్రను మనకు చూపించదు సరికదా, యజమాని కంటితో దాన్ని చిన్నబుచ్చుతుంది.

వాల్మీకి సుందరకాండ మొదటి సర్గలో హనుమంతుడు, రాఘవుడు విడిచిన బాణం వాయువేగంతో ఎలా పోతుందో తానూ అలాగే లంకకు పోతానంటాడు. ఆ పోలిక ఆయన తనకు తానే ఎంచుకున్నది. బాణానికి సొంత గురి ఉండదు, వేసినవాడి గురే దాని గురి. పైగా అందులోని వాయువు ఆయన పుట్టుకను కూడా గుర్తుచేస్తుంది. అయితే సీత జాడ తెలిశాక, ఎవరూ చెప్పకుండానే అశోకవనాన్ని పెకలించినప్పుడు ఆయన బాణం కాకుండా పోతాడు. నా మటుకు నాకు, ఉపమానం చాలని ఆ చోటే పాత్ర పెరిగిందనిపిస్తుంది. పోయేటప్పుడు ఉంగరం, వచ్చేటప్పుడు చూడామణి. రెండూ ఆయనవి కావు, మోసింది మాత్రం ఆయనే. మన కథకులు ఇలాంటి వస్తువు ఒక్కటి పట్టుకుని, అర్థం మారుతూ అది మళ్లీ మళ్లీ కనబడేలా చేస్తే ‘విశ్వాసపాత్రుడు’ అని రాయనక్కరలేదు.

తిరుమలలో శ్రీవారి ఆలయ మహాద్వారానికి ఎదురుగా బేడీలతో చేతులు జోడించి నిలబడ్డ ఆంజనేయుడే, బ్రహ్మోత్సవాల ఆరో రోజు ఉదయం స్వామికి వాహనమవుతాడు. ఆ బేడీలు శిక్షా, నగా అని మా మనవరాలు అడిగింది. నేనింకా జవాబు చెప్పలేదు.

– ఒక పాఠకుడు, తిరుపతి