పెదవులాడిస్తే నాటకం అవుతుందా?

సంపాదకులకు,

అయ్యా,

వార్షికోత్సవాలు దగ్గరపడితే చాలా బడుల్లో నాటకం తయారయ్యే తీరు ఒకటే. పది రోజుల ముందు, మాట బాగా వచ్చిన అయిదారుగురిని ఏరతారు. సంభాషణలు ముందే రికార్డు చేయిస్తారు. ఆ రోజు స్పీకర్లలోంచి గొంతులు వస్తుంటే పిల్లలు పెదవులు కదుపుతారు, చేతులు ఊపుతారు. వీడియో బాగానే వస్తుంది. నాటకం వల్ల బెరుకు పోతుందని ముఖ్య అతిథి అదే వేదిక మీద సెలవిస్తారు. పిల్లలు మాత్రం నోరు విప్పనే లేదు!

పిల్లలు ఎదిగేదంతా రిహార్సళ్ళలోనే. ప్రదర్శన దానికి ఒక గడువు, అంతే. బెంచీలు పక్కకు జరిపిన గది, వారానికి రెండు పీరియడ్లు, పన్నెండు వారాలు ఉంటే పదిహేను నిమిషాల నాటికకు చాలు. పాతికమంది దాటితే రెండు జట్లు చేయాలి. లేకపోతే వంతు రాకముందే బెల్లు కొడతారు.

మొదటి మూడు వారాలు స్క్రిప్టు ముట్టుకోకూడదు. "ఎప్పుడొచ్చావ్?" అన్న ఒక్క మాట తీసుకోండి. రాత్రి పదకొండింటిదాకా గుమ్మంలో కూర్చున్న తల్లి కొడుకుని అడగాలి. బస్టాండులో చాన్నాళ్ళకు కనబడ్డ స్నేహితుణ్ణి అడగాలి. అప్పు తీసుకుని మొహం చాటేసినవాణ్ణి అడగాలి. తొలిసారి ముగ్గుర్నీ ఒకే గొంతుతో అడుగుతారు. పాఠం అప్పజెప్పే గొంతు తప్ప వాళ్ళకు తరగతిలో ఇంకోటి అలవాటు లేదు మరి. అప్పుడు మాస్టారు "ఇదిగో, ఇలా అను" అని చేసి చూపించారో, పాతికమందీ ఆయన్నే అనుకరిస్తారు. దానికి బదులు ప్రశ్న వేయాలి: ఆ తల్లి అన్నం తిందా? అప్పు ఎంత, తీసుకుని ఎన్నాళ్ళయింది? జవాబు ఆలోచించుకున్న పిల్లకు గొంతు దానంతటదే మారుతుంది.

నాలుగో వారం స్క్రిప్టు. మా విజయనగరంలోనే 1892లో తొలిసారి ఆడిన 'కన్యాశుల్కం'లోంచి ఒక ఘట్టం తీసుకోవచ్చు. చిన్నకూతురు సుబ్బికి ముసలివాడి సంబంధం కుదిర్చిన అగ్నిహోత్రావధాన్లు, వద్దని మొత్తుకునే భార్య వెంకమ్మ. ఆ భాషకు ఇప్పటి పిల్లల నోరు ఒక పట్టాన తిరగదు. ముందు సంగతి చెప్పి సొంత మాటల్లో ఆడించి, ఆ తర్వాతే గురజాడ మాటలకు రావాలి. ఏడో వారం దాకా పాత్రలు ఖాయం చేయొద్దు. ఇవాళ వెంకమ్మ వేసినవాళ్ళు రేపు అవధాన్లు వేయాలి. అంతవరకూ ఆయన్ని చూసి నవ్విన పిల్లలు, ఆయన వాదన తమ నోటితో నెగ్గించాల్సి వచ్చేసరికి తడబడతారు. ఆ తడబాటును తొందరపడి దిద్దకండి. (ఆడవేషం అనగానే మగపిల్లలు ఇకిలిస్తారు. రంగస్థల నటులు స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలతోనే అంత పేరు తెచ్చుకున్నారని చెబితే సగం తగ్గుతుంది.)

రెండు తప్పులు ప్రతి జట్టులోనూ కనిపిస్తాయి. ఒకటి, ఎదుటివాడి ఆఖరి పదం కోసం కాచుకుని టక్కున అందుకోవడం. అవతలివాడు ఏమన్నాడో అడిగితే చెప్పలేరు. అతను అన్నదాన్ని తన మాటల్లో ఒకసారి చెప్పి, అప్పుడే తన డైలాగు చెప్పాలని నియమం పెడితే రెండు రిహార్సళ్ళలో వినడం వస్తుంది. రెండోది, వాక్యం చివర మింగేయడం. తెలుగులో క్రియ ఉండేదే చివర. అది మింగితే వస్తానన్నాడో రానన్నాడో వెనక వరసకు తెలియదు. గది చివర ఒకరిని నిలబెట్టి, వినబడకపోతే చెయ్యెత్తమంటే చాలు. అరవమని మాత్రం చెప్పొద్దు, గొంతు పోతుంది.

బిడియస్థుణ్ణి మొదటిరోజే నడిమధ్య నిలబెట్టకండి. ప్రాంప్టింగ్, అంటే మరిచిపోయినవాళ్ళకు తెర పక్కనుంచి డైలాగు అందించే పని, అప్పజెప్పండి. ప్రాంప్టరుకు అందరి పోర్షన్లూ వచ్చేస్తాయి. ఎవరో బడికి రాని రోజు ఆ పాత్ర అతనే చదువుతాడు, మర్నాడు నిలబడి చదువుతాడు. అప్పుడు ప్రత్యేకంగా చప్పట్లు కొట్టించకపోవడమే మంచిది, మళ్ళీ ముడుచుకుపోతాడు.

ఏడుపు సీనుకు "మీ ఇంట్లో జరిగిన కష్టం తలుచుకో" అనేవాళ్ళున్నారు. పదమూడేళ్ళ పిల్లతో అలాంటి పని చేయించకూడదు. పాత్రకొచ్చిన కష్టం చాలు. ప్రతి రిహార్సల్ చివరా అయిదు నిమిషాలు మిగిల్చి, కండువాలూ చేతికర్రలూ పక్కన పెట్టించి, గుండ్రంగా కూర్చుని సొంత పేర్లతో పిలుచుకోమనాలి. తాగుబోతు వేషం వేసినవాడికి ఇది మరీ అవసరం. లేకపోతే ఆ పేరే ఏడాదంతా అంటుకుంటుంది.

కళల్ని చదువు నుంచి విడదీయొద్దని 2020 జాతీయ విద్యా విధానం చెప్పనే చెప్పింది. టైంటేబుల్లో రెండు పీరియడ్లు దొరికేదాకా విద్యాశాఖ ఒక్క పని చేయవచ్చు: బడుల నాటక పోటీల్లో రికార్డు చేసిన సంభాషణలను అనుమతించకపోవడం. ప్రాంప్టరును తెర పక్కన ఉండనిస్తే, మిగతాది పిల్లలే నెట్టుకొస్తారు.

— బడిపిల్లలకు నాటకం నేర్పే కొందరు,
విజయనగరం