అయస్కాంతం పరుపు సంగతి

నాన్నగారికి నమస్కారాలు.

అమ్మ మోకాళ్ల కోసం అయస్కాంతాల పరుపు బుక్ చేశారని, అడ్వాన్సు కూడా కట్టారని తమ్ముడు చెప్పాడు. మొన్న ఫోన్‌లో మీరు అడిగింది న్యాయమైన ప్రశ్నే: "మీ ల్యాబ్‌లో అయస్కాంతం పెడితే రసాయన చర్య మారుతుందంటావు, మీ అమ్మ ఒంట్లో మారదంటావు, రెంటిలో ఏది నిజం?" ఫోన్‌లో చెప్పబోతే సగంలో అమ్మ అందుకుని ఏం వండుకున్నావని అడుగుతుంది. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ జర్మనీకి వచ్చి నేను పట్టుకు కూర్చున్నది సబ్బునీళ్లు! టూత్‌పేస్టులో నురగ కోసం వేసే లారిల్ సల్ఫేటే. నీళ్లలో అది లీటరుకి 8 మిల్లీమోల్స్ దాటితే, దాని అణువులు ఓ అరవై దాకా చేరి ఉండలా చుట్టుకుంటాయి. నీళ్లంటే పడని తోకలు లోపలికి, పడే తలలు బయటికి. దీన్ని మిసెల్ అంటాం. అడ్డంగా 4 నానోమీటర్లకి అటూ ఇటూ ఉంటుంది. నూనె స్వభావం ఉన్న పదార్థం కలిపితే వెళ్లి అందులో దూరుతుంది.

అలా దూరే డైబెంజైల్ కీటోన్ మీద అతినీలలోహిత కాంతి పడితే అణువు రెండుగా తెగుతుంది. ఒక్కో ముక్కకీ జత లేని ఎలక్ట్రాన్ ఒకటి మిగులుతుంది. ఈ ముక్కలే రాడికల్స్. ప్రతి ఎలక్ట్రానూ ఓ బుల్లి అయస్కాంతం లాంటిది, అది చూపే దిక్కే స్పిన్ అనుకోండి. ఆ రెండు ఎలక్ట్రాన్ల స్పిన్ ఎదురెదురుగా ఉంటే సింగ్లెట్ అంటాం, అప్పుడు ముక్కలు మళ్లీ అతుక్కుంటాయి. ఒకే వైపు ఉంటే ట్రిప్లెట్, అప్పుడు పక్కపక్కనే ఉన్నా అతుక్కోలేవు. ఈ కీటోన్ తెగేది ట్రిప్లెట్‌గానే.

ట్రిప్లెట్‌ని సింగ్లెట్‌గా తిప్పేవి ఆ ముక్కల్లోనే ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలు. అవీ బుల్లి అయస్కాంతాలే. కాకపోతే ఆ పనికి కొన్ని నానోసెకన్ల నుంచి పదుల నానోసెకన్ల దాకా పడుతుంది. మామూలు ద్రావణంలో ముక్కలు అంతసేపు ఆగవు, పండగ ముందు జగదాంబ సెంటర్‌లో చెయ్యి వదిలేసిన ఇద్దరిలా ఎటో పోతాయి. మిసెల్‌లో పోయే చోటు లేదు, మళ్లీ మళ్లీ ఎదురుపడాల్సిందే. సబ్బునీళ్ల అవసరం అందుకే.

ఇప్పుడు బయట అయస్కాంతం పెడదాం. ట్రిప్లెట్‌లో మూడు రకాలున్నాయి. అయస్కాంతం లేనప్పుడు మూడూ సింగ్లెట్‌గా మారగలవు. పెట్టాక ఒకదాని శక్తి పైకీ, ఇంకోదానిది కిందకీ జరిగి ఆ రెండిటికీ దారి మూసుకుపోతుంది. అతుక్కునే జంటలు తగ్గుతాయి, మిసెల్ దాటి బయటపడేవి పెరుగుతాయి. అంతే నాన్నా, మొత్తం మహత్యం ఇదే.

కొలంబియా యూనివర్సిటీలో నికొలస్ టుర్రో బృందం దీన్ని పట్టుకున్న తీరు నాకు భలే నచ్చుతుంది. రెండు చివరలూ వేరుగా ఉన్న కీటోన్ తీసుకోవడం ఇందులో కిటుకు. ఎ, బి అనుకోండి. మధ్యలోంచి కార్బన్ మోనాక్సైడ్ పోయాక, మిగిలినవి ఎవరితో పడితే వాళ్లతో కలిస్తే ఎ-ఎ 25 శాతం, ఎ-బి 50, బి-బి 25 రావాలి. మామూలు ద్రావణంలో అలాగే వస్తాయి. మిసెల్‌లో మాత్రం ఎ-బి 50 దాటిపోతుంది, ఒకే అణువులోంచి పుట్టిన జంటే మళ్లీ కలుస్తోంది కాబట్టి. అయస్కాంతం పెడితే ఆ అదనం తగ్గుతుంది.

మీకొచ్చిన అనుమానమే పెద్దపెద్దవాళ్లకీ ఉండేది, కాకపోతే అటునుంచి. ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం ఎలక్ట్రాన్ మీద చూపే శక్తి, గది వేడికి అణువుల్లో ఉండే శక్తిలో పదివేలో వంతు కూడా లేదు, అది చర్యని ఎలా మారుస్తుందని. 1969లో అమెరికాలో క్లాస్, నెదర్లాండ్స్‌లో కాప్టీన్, ఊస్టర్‌హాఫ్ అనే శాస్త్రవేత్తలు ఈ రాడికల్ జంటల లెక్క చెప్పాక చిక్కు విడింది. అయస్కాంతం బంధాన్ని తెంచదు, ఆ పని కాంతి ముందే చేసేసింది. తెగినవి మళ్లీ కలవాలా వద్దా అన్న దగ్గర మాత్రం కాస్త మొగ్గు మారుస్తుంది.

ఇక పరుపు. రక్తంలో ఇనుము ఉంది, అయస్కాంతం లాగుతుంది, రక్తప్రసరణ పెరుగుతుంది అన్నాడట అమ్మినాయన. ఆక్సిజన్ పట్టిన రక్తాన్ని అయస్కాంతం లాగదు సరికదా, రవ్వంత దూరంగా నెడుతుంది. 1936లోనే పాలింగ్, కొర్యెల్ అనే శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. ఎమ్మారై యంత్రాలు చాలావరకు 1.5 టెస్లావి (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత), పరుపులో బిళ్లలకంటే ఎన్నో రెట్లు బలమైనవి. పోయినేడు అందులో పడుకుని వచ్చిన అమ్మకి నొప్పి తగ్గిందా? మీరు ప్లాంట్‌లో అన్నేళ్లు అయస్కాంతం క్రేన్ల చుట్టూ తిరిగారు. మీ నడుం నొప్పి ఏమైంది మరి?

ఒంట్లో రాడికల్ జంటలు లేవా అంటారు, నాకు తెలుసు. కొన్ని ఎంజైముల్లో ఉన్నాయి. వలస పిట్టల్లో ఇలాంటి జంటే దిక్సూచిగా పనిచేస్తుందని 1978లో షుల్టెన్ బృందం ఊహించింది, దాని మీద ఇప్పటికీ జోరుగా పరిశోధన నడుస్తోంది. (మన ఆర్కే బీచ్ తాబేళ్ల సంగతి ఎత్తకండి. ఇంకో జాతి తాబేలు పిల్లలు, ఇలాంటి జంటల్ని పుట్టించే వెలుగు లేని చీకట్లో కూడా దిక్కు పట్టాయి, వాటి పద్ధతి వేరై ఉండాలి.) కానీ ఏదో చర్య కొద్దిగా మారిందే అనుకోండి, అది అమ్మ మోకాలికి మంచి చేసే వైపే మారుతుందని ఎవరు చెప్పారు? నా సబ్బునీళ్లలో అయస్కాంతం కలిసేవాటిని తగ్గిస్తుంది, ఇంకో చోట పెంచుతుంది. దానికి మంచీ చెడూ తెలియదు. పైగా బిళ్ల నుంచి దూరం రెట్టింపైతే బలం దాదాపు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. దూది, దుప్పటి, చీర దాటి మోకీలు దాకా చేరేది ఎంత?

మిగతా డబ్బు కట్టకండి. అడ్వాన్సు తిరిగి ఇవ్వనంటే పోనీ అనుకోండి, దాని కోసం గొడవకి వెళ్లొద్దు. ఆ డబ్బుతో అమ్మని ఫిజియోథెరపీకి తీసుకెళ్లండి, పొద్దున్నే ఇసకలో కాకుండా బీచ్ రోడ్డు మీద నడిపించండి. పరుపు అమ్మినాయన మీ స్నేహితుడి అల్లుడట కదా, మొహమాటమైతే అమ్మాయి వద్దందని నా మీద పెట్టేయండి.

మీ అమ్మాయి
శిరీష