ఫోను సంభాషణలు వినేందుకిచ్చే ఉత్తర్వుల లెక్క చెప్పండి
రాష్ట్ర హోం శాఖ ముఖ్య కార్యదర్శి గారికి, అమలాపురం నుంచి నమస్కరించి వ్రాయునది.

అంబాజీపేట మార్కెట్‌లో కొబ్బరి బేరం మొదలుకొని చెరువుగట్టున రొయ్యల కౌంటు దాకా అన్నీ ఫోనులోనే తేలిపోయే డెల్టా మాది. ఆ ఫోను సంభాషణను ప్రభుత్వం రహస్యంగా వినడానికి ఏ న్యాయమూర్తి అనుమతీ అక్కర్లేదు, ఉత్తర్వుపై మీ సంతకం చాలు. 1996లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఫోను సంభాషణ గోప్యత హక్కులో భాగమేనని తేల్చినా, ముందస్తు న్యాయ పరిశీలనను తప్పనిసరి చేయకుండా బాధ్యతను హోం కార్యదర్శికీ, అధికారుల సమీక్షా సంఘానికీ అప్పగించింది. ఉత్తర్వు ఇచ్చేదీ, దాన్ని సమీక్షించేదీ ప్రభుత్వమే కావడం నాకు మింగుడుపడదు.

పౌరుల గోప్యతలోకి ప్రభుత్వం ఇష్టానుసారం చొరబడితే కోర్టు ఒప్పుకోదన్న పాఠం మన రాష్ట్రానికి కొత్త కాదు. స్టాంపుల చట్టానికి చేసిన సవరణతో బ్యాంకుల్లోని ఖాతాదారుల పత్రాలను తనిఖీ చేసే అధికారాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తీసుకోగా, కెనరా బ్యాంకు కేసులో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2004లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. 2017లో విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి వేసిన కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా ప్రకటించారు.

నిబంధనల ప్రకారం ఒక ఉత్తర్వు 60 రోజులు, పొడిగించినా మొత్తం 180 రోజులకు మించి చెల్లదు; ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఉండే సమీక్షా సంఘం రెండు నెలలకోసారైనా సమావేశం కావాలి. ఎవరి ఫోన్లు విన్నారో ఆ పేర్లు మాకొద్దు. గడిచిన ఏడాది ఎన్ని ఉత్తర్వులిచ్చారో, ఎన్నింటిని పొడిగించారో, సంఘం ఎన్నిసార్లు కూర్చుని ఎన్నింటిని రద్దు చేసిందో ప్రకటించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కోనసీమ పౌరుడు